బతికున్నవాళ్లకి యిజ్‌కోర్

మొన్న ఏప్రిల్లో ఒక పొద్దున్న నేను చేసిన ఘనకార్యం చెప్తాను, టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను. ఒక్క గంటలో పాతికమంది దాకా బతికున్న మనుషుల్ని పోయినవాళ్లలో కలిపేశాను. నిజంగా పోయినవాళ్లకేమో త్వరగా కోలుకోవాలని ప్రార్థన చేయించాను. అదీ యూదుల గుళ్లో, వాళ్ల పండగ రోజు, లైవ్‌లో.

అక్కడ నాకేం పని అంటారా? మేముండే ఊరు షామ్‌బర్గ్‌లో మా పక్కింట్లో రూత్ అని ఒకావిడ ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆంటీ అంటే ఊరుకోదు. "నేను మీ అమ్మ చెల్లెల్నా? రూత్ అను చాలు" అంటుంది. మేం ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలం డ్రైవ్‌వేలో మంచు ఎలా ఎత్తాలో మా ఆయన రవికి నేర్పింది ఆవిడ భర్త హెర్బ్. పాపం, హెర్బ్ కిందటి నవంబర్లో హాస్పిటల్లో మూడు వారాలుండి చనిపోయారు. మార్చిలో రూత్‌కి హిప్ ఆపరేషన్ అయింది. ఇంట్లోంచి కదల్లేదు.

వాళ్ల గుడిని సినగాగ్ అంటారు. రూత్ వెళ్లే సినగాగ్‌లో సగం మంది రూత్ వయసువాళ్లే. రాలేనివాళ్ల కోసం సర్వీస్ మొత్తం లైవ్‌స్ట్రీమ్ చేస్తారు. చిక్కేమిటంటే, నిష్ఠగా ఉండేవాళ్లు పండగ రోజు ఫోన్ గానీ కంప్యూటర్ గానీ ముట్టుకోరు. కాబట్టి ఆ పనికి బయటి మనిషి కావాలి. అంతకుముందు చేసే అబ్బాయి వేరే ఊరు వెళ్లిపోయాడట. రూత్ నన్నడిగింది.

"నువ్వు సాఫ్ట్‌వేర్ కదా మాధవీ, నీకిదో లెక్కా?"

నేను టెస్టింగ్‌లో ఉన్నాను. పదకొండేళ్లుగా ఇంకొకళ్ల తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. దీనికేముంది, వలంటీర్‌గా చేస్తాలే అన్నాను.

ఆ పండగ పేరు పాసోవర్. ఈజిప్టులో బానిసలుగా పడున్న వాళ్ల పూర్వీకులు బయటపడ్డ సంగతి తలుచుకునే పండగ. ఎనిమిది రోజులు బ్రెడ్ ముట్టరు. మాట్జా అని, పొంగని రొట్టె, అప్పడంలా విరుగుతుంది, అదే తింటారు. మొదటి రెండు రోజులూ విందులు, పాటలు, సందడే సందడి. ఆ రెండు రోజులూ కెమెరా అటూ ఇటూ తిప్పాను, అంతా బాగానే జరిగింది. "ప్రొఫెషనల్‌లా చేశావు" అని మెచ్చుకున్నారు కూడా. అక్కడే నాకు కొమ్ములొచ్చాయి.

ఆఖరి రోజు వేరు. ఆ రోజు యిజ్‌కోర్ ఉంటుంది. అంటే పోయినవాళ్లని తలుచుకునే ప్రార్థన. మన పితృపక్షాల్లాంటిదనుకోండి. దానికో అరగంట ముందు, జబ్బుపడ్డవాళ్లు కోలుకోవాలని ఇంకో ప్రార్థన చేస్తారు. రెండింటికీ పేర్ల స్లైడ్స్ స్క్రీన్ మీద రావాలి. హాల్లో స్క్రీన్ లేదు, ఇంట్లో చూసేవాళ్లకి మాత్రమే కనిపిస్తాయి. ఆఫీసులో ఆవిడ రెండు ఫైల్స్ పంపింది. వాటి పేర్లు హీబ్రూ లిపిలో ఉన్నాయి. ఏది ఏదో నాకు తెలియలేదు.

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ నేను చూసేసరికి ఆఖరి రోజు నిష్ఠ మొదలైపోయింది, ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తరు. పొద్దున్న వెళ్లి అడగొచ్చు. అడగలేదు, నామోషీ. ఒక ఫైల్ పొట్టిగా ఉంది, ఒకటి పొడుగ్గా ఉంది. పెద్దవాళ్ల గుడి కదా, పోయినవాళ్లే ఎక్కువుంటారు, పొడుగుది వాళ్లదే అని తేల్చేశాను. పోయినవాళ్ల ఫైల్లో ఈ ఒక్క ఏడాదిలో పోయినవాళ్లే ఉంటారని నాకేం తెలుసు? పొట్టిదానికి పైన 'త్వరగా కోలుకోవాలి' అని హెడింగ్, వెనక పువ్వులు. పొడుగుదానికి 'వారి జ్ఞాపకార్థం' అని హెడింగ్, వెనక కొవ్వొత్తి పెట్టాను. లోపలి పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, అయినా చదవలేదు. చదివుంటే హెర్బ్ ఒకదాంట్లో, రూత్ ఇంకోదాంట్లో కనబడేవాళ్లు.

పొద్దున్న హాల్లోనే పైనున్న బాల్కనీలో నా చోట్లో కూర్చున్నాను. ముందు లాప్‌టాప్, పక్కన హాలంతా వినబడే మైక్ ఒకటి. జబ్బుపడ్డవాళ్ల ప్రార్థన వచ్చింది. పొట్టి ఫైల్ నొక్కాను, పేర్లు వాటంతటవే వెళ్లాయి. నేను కెమెరా జూమ్ చూసుకుంటున్నాను.

తర్వాత యిజ్‌కోర్. అది మొదలయ్యే ముందు, అమ్మానాన్నా ఇద్దరూ ఉన్నవాళ్లు హాల్లోంచి బయటికి వెళ్లిపోతారు. వాళ్ల ఆచారం అది. చిన్నవాళ్లందరూ వెళ్లిపోయారు. కింద తెల్ల జుట్లు, తెల్ల శాలువాలు మాత్రం మిగిలాయి. తలుపులు మూసేశారు. గుడి బాధ్యత చూసే ఆవిడ, రబ్బై అంటారు, పేరు డీనా, మెల్లగా చదవడం మొదలుపెట్టింది. తర్వాత ఎవరికి వాళ్లు నిశ్శబ్దంగా చదువుకోవాలి. నేను పొడుగు ఫైల్ నొక్కాను.

కాసేపటికి పక్కన చాట్‌లో ఒక మెసేజ్ వచ్చింది. టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి జూడీ అనే ఆవిడ.

"మా నాన్న పేరు ఎందుకుంది ఇందులో? ఎప్పుడు జరిగింది?"

నాకర్థం కాలేదు. ఇంకోటి వచ్చింది. "మెల్విన్. మీ దగ్గర్లోనే రిహాబ్ సెంటర్‌లో ఉండి కోలుకుంటున్నారు. వాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్."

అప్పుడు స్క్రీన్ వైపు చూశాను. కొవ్వొత్తి ముందు నుంచి పేర్లు ఒక్కొక్కటే వెళ్తున్నాయి. రూత్ పేరు వచ్చింది.

అంతకు రెండు రోజుల ముందే ఆవిడకి సూప్ వేడి చేసిచ్చి వచ్చాను. చాట్‌లో మెసేజ్ మీద మెసేజ్. "ఇది పొరపాటా?" "మా అక్క పేరు తీసేయండి." కింద ఎక్కడో ఖాళీ ఆఫీసులో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. ఎత్తేవాళ్లు లేరు. ఆ చాట్ చూసేదాన్ని నేనొక్కదాన్నే. కిందున్నవాళ్లందరూ కళ్లు మూసుకుని వాళ్లవాళ్లని తలుచుకుంటున్నారు. లేచి అరవగలనా?

స్లైడ్స్ ఆపబోయాను. కంగారులో ఏదేదో నొక్కాను. అవి ఆగలేదు. సెల్‌లో రవికి ఫోన్ చేశాను.

"రవీ, అందర్నీ చంపేశాను రవీ. రూత్‌ని కూడా చంపేశాను."

ఆ మాట హాలంతా మోగింది. నేను నొక్కినవాటిలో మైక్ బటన్ కూడా ఉందన్నమాట. నిశ్శబ్దంగా ప్రార్థన చేసుకుంటున్న పెద్దవాళ్ల నెత్తిన, పైనుంచి, తెలుగులో. ఒక్కొక్కళ్లే తలెత్తి బాల్కనీ వైపు చూశారు. రబ్బై డీనా కూడా చూసింది. ఫోన్లో రవి మాత్రం "ఎక్కడున్నావ్? కార్‌లోనా? ఎవరికైనా తగిలిందా?" అని అడుగుతున్నాడు.

లాప్‌టాప్ మూత ధడాలున మూసేశాను. స్ట్రీమ్ మొత్తం పోయింది. ఇంట్లో చూస్తున్నవాళ్లకి చివరగా కనబడింది ఆ కొవ్వొత్తే.

ప్రార్థన అయిపోగానే డీనా మెట్లెక్కి పైకి వచ్చింది. నేను లాప్‌టాప్ తెరిచి చాట్ చూపించాను. ఆవిడ నిలబడి చదివింది, తర్వాత కూర్చుని మళ్లీ చదివింది. తిట్టలేదు.

"మెల్విన్ బతికే ఉన్నాడా?" అంది.

నాకు తెలియదు. ఇద్దరం ఆ చాట్‌నే చూస్తూ కూర్చున్నాం. అట్టడుగున ఒక మెసేజ్ ఉంది. "నేను మెల్విన్. ఇప్పుడే మాట్జా మీద జామ్ రాసుకుని తిన్నాను. పోయినవాళ్లకి అక్కడ ఇంత చెత్త జామ్ పెట్టరనుకుంటా. జూడీ, ఏడవకు."

డీనా కళ్లు తుడుచుకుంది. "నేనివాళ ఫోన్ ముట్టుకోను. కానీ వాళ్లని అలా వదిలేయలేం. నువ్వు నంబర్ కలుపు, నేను పక్కన ఉంటాను" అంది.

చెప్పండి, ఎవరైనా ఇలాంటి ఫోన్ ఎప్పుడైనా చేశారా? "హలో అండీ, సినగాగ్ నుంచి. మీరు పోలేదని చెప్పడానికి చేస్తున్నాం." ఒకాయన "థాంక్స్, మా డాక్టర్ మాత్రం అంత గట్టిగా చెప్పట్లేదు" అన్నాడు. ఒకావిడ అసలు చూడనే లేదట, మేం చెప్పాకే భయపడింది. ఒక భార్య అయితే పక్కగదిలోకి వెళ్లి ఆయన ఊపిరి చూసొచ్చానంది.

అందరూ నవ్వలేదు. నలభై దాటని ఒకావిడ ఉంది, క్యాన్సర్. పిల్లలతో కలిసి చూస్తోందట. నేను సారీ చెప్పేదాకా ఆగింది.

"ఆ స్క్రీన్ మీద నా పేరు ఎలా ఉంటుందో రోజూ అనుకుంటాను. ఇప్పుడు మా పిల్లలకి కూడా తెలిసింది" అని పెట్టేసింది.

డీనా నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఆ చెయ్యి తీసేస్తే బాగుండనిపించింది. ఓదార్పుకి నేను తగినదాన్ని కాదు. ఆ పిల్లల తల్లికి తర్వాత ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రానక్కర్లేదు కూడా.

రూత్ ఒక్కత్తే ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాం. నేను కార్ తీసుకుని ఎలా ఇల్లు చేరానో తెలియదు. మా ఇంట్లోకి వెళ్లకుండా నేరుగా వాళ్ల గుమ్మం ఎక్కాను. బెల్ కొట్టాను. ఆవిడ ఇంటి తాళం చెవి మా దగ్గరా ఒకటి ఉంది గానీ, తీయడానికి చేతులు రాలేదు.

లోపల్నుంచి గొంతు వినబడింది. "తెరిచే ఉంది, రా. చచ్చినదాని ఇంటికి బెల్ ఎందుకు?"

కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లించింది. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే చేత్తో ఆగమంది.

"నా పేరు చూసి నేనేం భయపడలేదు. ఈ వయసులో చూడాల్సిందే కదా. ముందు హెర్బ్ పేరు వచ్చింది, తెలుసా? 'త్వరగా కోలుకోవాలి' అని, పువ్వులతో."

నేను నేల చూస్తున్నాను.

"అప్పటికి నాకు ఇంకా పూర్తిగా నిద్ర వదల్లేదు. ఆ పేరు చూడగానే ఆయన హాస్పిటల్లోనే ఉన్నాడనిపించింది. సాయంత్రం ఏం తీసుకెళ్లాలి, నీలం స్వెటర్ ఉతికానా లేదా అని ఆలోచిస్తున్నాను. లేవబోయాను కూడా. తుంటి కలుక్కుమంటే అప్పుడు గుర్తొచ్చింది."

రూత్ నెమ్మదిగా అడిగింది.

"అది రికార్డ్ అవుతుందిగా? ఆ ముక్క ఒక్కసారి చూడొచ్చా?"

రికార్డింగ్ నేను డిలీట్ చేసేశాను. కార్ ఎక్కే ముందు, పార్కింగ్‌లో నిలబడి, ఇంకెవరి కంటా పడకూడదని అన్నిచోట్లా వెతికి మరీ తీసేశాను. ఆ రోజు నేను తప్పులేకుండా చేసిన పని అదొక్కటే.

"లేదు రూత్, తీసేశాను."

"ఓ" అంది. అంతే. మందుల డబ్బా అందుకోమంది. అందించి, నీళ్లిచ్చి వచ్చాను.

ఆ తర్వాత ఆ పని మానేస్తానన్నాను. డీనా ఒప్పుకోలేదు. "ఇంకెవరొచ్చినా ఇంత భయంగా చెయ్యరు" అంది. మెల్విన్‌గారిని చూడ్డానికి రిహాబ్‌కి వెళ్లాను. తొంభై దాటిన మనిషి, ఎముకల గూడు. నన్ను చూడగానే నర్సుని పిలిచి "నన్ను చంపింది ఈవిడే" అని పరిచయం చేశాడు. అప్పట్నుంచి వారానికోసారి ఫోన్ చేసేవాడు. ఒక్కటే మాట. "ఇంకా ఉన్నాను. నీ రికార్డులో రాసుకో." ఆ ఫోన్ రావడం ఆలస్యమైతే నేనే చేసేదాన్ని.

మే నెలలో ఒక పొద్దున్న ఆయన నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. ఎత్తితే జూడీ. నాన్న తెల్లవారుజామున నిద్రలో పోయారని, తను వచ్చి పక్కనే ఉన్నానని చెప్పింది. ముందే చెప్పిపెట్టారట, నిజంగా జరిగినప్పుడు మాధవికి మొదట చెప్పండి, పాపం బోలెడు రిహార్సల్ చేసింది అని. జూడీ చెప్తూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకూ అంతే.

అంత్యక్రియల లైవ్‌స్ట్రీమ్ నన్నే చెయ్యమంది. డీనా ఊళ్లో లేదు, సాయంత్రానికి గానీ రాదు. అందుకని అందరికీ కబురు కూడా నన్నే చెప్పమన్నారు. కూర్చుని ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేశాను. మెల్విన్‌గారు పోయారండీ అన్నాను. మొదట రూత్‌కే చేశాను.

"నిజంగానేనా మాధవీ?"

"నిజంగానే రూత్."

"సరే" అంది. నాతో మాట్లాడి ఫోన్ పెట్టేసింది. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, వెంటనే రిహాబ్‌కి ఫోన్ చేసి కనుక్కుందట. ఆవిడొక్కతే కాదు. నేను చెప్పిన ప్రతి ఒక్కళ్లూ అక్కడికి ఫోన్ చేశారట. రిహాబ్ రిసెప్షన్‌లో అమ్మాయి మధ్యాహ్నానికి విసిగిపోయి జూడీని అడిగిందట, "ఈ మాధవి ఎవరండీ, ఆవిడ చెప్తే ఎవరూ నమ్మరేం?" అని.