మోటారు సైకిల్ మీద చెవిలో దూది

అది ఎనభై అయిదో సంవత్సరం, ఇళ్ళకు పత్తి చేరే కాలం. చిలకలూరిపేట నుంచి గుంటూరు పోయే రోడ్డు మీద ఒక జిన్నింగ్ మిల్లులో నేను పనిచేస్తున్నాను. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజను విడదీయడం. రైతు తెచ్చేది పత్తి. గింజ పోయాక మిగిలేది దూది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా మాటలు సున్నితం చేయవద్దని ముందే చెప్పాను.

మా షెడ్డులో ఇరవై నాలుగు జిన్నులు ఉండేవి. ఒక్కో జిన్ను ముందు ఒక్కో ఆడమనిషి. తోలు రోలరు తిరుగుతుంటే దాని మీదకు చేత్తో పత్తి అందించాలి. దూది ఇటు వస్తుంది, గింజ కిందకు రాలుతుంది. ఇరవై నాలుగూ ఒక్కసారి తిరిగితే ఆ మోత చెవులకే కాదు, పళ్ళకు కూడా తెలుస్తుంది. కొత్తగా చేరిన మనిషి మొదటి వారం ఇంట్లో కూడా కేకలేసి మాట్లాడుతుంది. పదేళ్ళు చేసిన మనిషిని గుమ్మంలో నిలబడి పిలిచినా పలకదు.

మా ఆయన పోయిన ఏడాదికే నేను ఆ పనిలో చేరాను. నెల తిరక్కుండా చెవుల్లో కీచురాళ్ళు మొదలయ్యాయి. ఉత్త దూది కూరుకుంటే లాభం లేదు, మోత దూరి వస్తుంది. అందుకని పొడుగు పింజ దూది, అంటే పోగు పొడుగ్గా సాగే రకం తీసుకుని, తేనె మైనం కొంచెం ఆముదంలో కరిగించి అద్ది, అరచేతుల మధ్య గట్టిగా నులిమేదాన్ని. దీపానికి పువ్వొత్తి చేసినట్టే, కింద గుండు, పైన తోక. గుండు చెవిలో ఉంటుంది, తోక పట్టి లాగితే వచ్చేస్తుంది. పట్నంలో ఇలాంటివాటిని ఇయర్ ప్లగ్స్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది.

అవి పెట్టుకున్నాక ఒక సంగతి కనిపెట్టాను. మోత తగ్గడమే కాదు, పక్క జిన్ను దగ్గర సుబ్బులు నన్ను తిట్టే తిట్లు కూడా తేటగా తెలిసేవి. మోత చెవినంతా ఆక్రమించుకుంటే మాటకు చోటుండదు. మోతను కాస్త బయట నిలబెడితే మాట లోపలికి వస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, పని చెప్పింది.

సగం మంది ఆడవాళ్ళు నా చేత చేయించుకున్నారు. మిగతావాళ్ళు ముట్టలేదు. మా వైపు శవానికి ముక్కుల్లో, చెవుల్లో దూది పెడతారు. బతికున్న మనిషి చెవిలో దూది, అందులోనూ విధవ చేత్తో చేసింది, పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా అని వాళ్ళ భయం.

శేషగిరి మా మిల్లుకు శాంపిల్స్ తెచ్చే మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. మిల్లు మోటారు సైకిల్ మీద నాదెండ్ల నుంచి అద్దంకి దాకా ఊళ్ళు తిరిగి, రైతుల ఇళ్ళలో పోసిన గుట్టల్లోంచి పిడికెడు పత్తి తీసి, పింజ లాగి చూసి, సంచుల్లో కట్టి తెచ్చేవాడు. ఆ పిడికెడునే శాంపిల్ అంటారు. రోజంతా బండి మీదే. ఆ రోజుల్లో మా రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు. పైగా ఆ బండి సైలెన్సరుకు చిల్లు.

ఒకనాడు మధ్యాహ్నం షెడ్డు అరుగు మీద మేం అన్నాలు తింటుంటే వచ్చాడు. "కోటమ్మక్కా, మంచినీళ్ళున్నాయా" అని ఊరంతా వినపడేట్టు అరిచాడు.

"ఎందుకయ్యా అరుస్తావు, మేమేమన్నా చెవిటోళ్ళమా?" అన్నాను.

"ఏంటీ?"

సుబ్బులు ఊరుకునే మనిషి కాదు. "మనం కాదులే అక్కా, ఎవరో తేలిపోయింది" అంది.

అతను పక్కన కూలబడి చెప్పుకొచ్చాడు. "బండి దిగాక రెండు గంటల దాకా ఏదీ సరిగా వినపడదక్కా. ఒకటే ఈల. పడుకున్నా ఈలే. చంటిది ఏడుస్తున్నా లేవటం లేదని మా ఆవిడ పోట్లాట."

"నా దగ్గర మందుంది, పెట్టుకుంటావా? విధవ చేత్తో చేసింది, ముందే చెబుతున్నా."

"మందుకు బొట్టుంటుందా అక్కా" అన్నాడు.

ఆ మాటకు నాలుగు జతలు చేసిచ్చాను. నెల తిరిగాక మామూలు గొంతుతో మాట్లాడుతూ వచ్చాడు. ఈల తగ్గిందన్నాడు. బండి జోరు మీదున్నప్పుడు వెనక లారీ హారను మునుపటికంటే ఇప్పుడే తెలుస్తోందని కూడా అన్నాడు. నాకేం వింత అనిపించలేదు. మా జిన్నుల దగ్గర సంగతే అది.

ఆ తర్వాత పది రోజులకు పడ్డాడు. యడ్లపాడు దాటాక మిరప బస్తాల లారీ ఒకటి దాటబోతూ అతన్ని ఒరుసుకుంది. బండితో సహా రోడ్డు పక్క గుంటలోకి పోయాడు. కుడికాలు విరిగింది. ఆ లారీ డ్రైవరు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడట: "అరమైలు నుంచి హారను కొడుతూనే ఉన్నా, వినలేదు. లేపి చూస్తే రెండు చెవుల్లో దూది. శవాన్ని ఎత్తానా అనుకున్నా." హారను విన్నాననీ, ఎడమకు తీశాననీ, లారీయే ఇంకా మీదికొచ్చిందనీ శేషగిరి ఆసుపత్రి మంచం మీద నుంచి మొత్తుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. దూది ఉందిగా మరి.

మూడో రోజు పొద్దున మేం పనిలోకి వెళ్ళే వేళకు అతని తల్లి అంజమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏదే ఆ ముండ? నా కొడుకు బతికుండగానే చెవుల్లో దూది పెట్టిన ముండ ఏదీ?"

నేను ముందుకెళ్ళాను. "నేనే అంజమ్మ గారూ. చెవులు పాడవకూడదని పెట్టాను."

"దూది పెట్టేది శవానికి. నీ మొగుడికి పెట్టిన చెయ్యి కాదటే అది?"

నిజమే. ఆ చేత్తోనే పెట్టాను. అంతమందిలో అడిగింది కనుక అంతమందిలోనే జవాబు చెప్పాను.

"ఈ చెయ్యే. శవానికి నీళ్ళు పోస్తారు, కొత్తబట్ట కడతారు, పూలదండ వేస్తారు. మరి మీరు స్నానం మానుకున్నారా? పూలు మానుకున్నారా? దూది ఒక్కటే గుర్తొచ్చిందా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంజమ్మ దోసెడు దుమ్మెత్తి నా మీద పోసి వెళ్ళిపోయింది. నేను కొంగు దులుపుకుని లోపలికి పోతుంటే మేనేజరు గారు పిలిచారు.

"రేపటి నుంచి ఈ మిల్లులో ఎవరి చెవిలోనూ దూది కనపడకూడదు. నువ్వు ఆమె ఇంటికి పోయి కాళ్ళ మీద పడి తప్పయిందని చెప్పు. చెబితేనే గేటు లోపలికి రా."

నాకు ఆ గేటు తప్ప ఇంకో దారి లేదు. అయినా ఆ మాట నా నోట రాలేదు. "తప్పయితే పడతాను బాబూ. తప్పో కాదో చూశాక పడతాను" అన్నాను.

"చూడటానికేముంది?"

"మిల్లుకు లారీ ఉంది, బాగుచేయించిన మోటారు సైకిలుంది, ఎదురుగా రోడ్డుంది. నేను చెవుల్లో దూది పెట్టుకుని బండి వెనక కూర్చుంటాను. లారీ మా వెనక వస్తూ ఇష్టం వచ్చినప్పుడు హారను కొట్టమనండి. వినపడితే చెయ్యెత్తుతాను. ఒక్కసారి తప్పినా మీరు చెప్పినట్టే అంజమ్మ గారి కాళ్ళు పట్టుకుంటాను."

"నిన్నెవరు ఎక్కించుకుంటారు?"

వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు. గుమస్తా కాగితాల్లోకి దిగిపోయాడు. విధవ, వెనక సీటు, చెవుల్లో దూది. మూడూ కలిస్తే మగవాళ్ళకు దడ.

"అయితే మీరే తోలండి. మీ మాటైతే అందరూ నమ్ముతారు" అన్నాను. గుమ్మంలో ఆడవాళ్ళు చేరి వింటున్నారు. ఆయన వెనక్కి పోలేక ఊఁ అన్నారు.

ఆదివారం మిల్లు సెలవు. అయినా ఆడవాళ్ళందరూ గేటు దగ్గరికొచ్చారు. నేను ఒకవైపుకు కాళ్ళు పెట్టుకుని ఎక్కాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. లారీ తోలే మస్తాన్ ఒక ఫర్లాంగు ఎడంలో వెనక వస్తున్నాడు. బండి జోరందుకుంది, గాలి చీర లాగేస్తోంది. మొదటి హారను వినపడింది, చెయ్యెత్తాను. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది కొట్టేటప్పటికి లారీ బాగా దగ్గరికొచ్చేసింది. మేనేజరు గారు పక్కకు తీస్తారని చూశాను. ఆయన నడిరోడ్డు వదలటం లేదు. భుజం మీద తట్టాను.

"బాబూ, లారీ వచ్చేసింది, ఎడమకు తియ్యండి."

"ఏ లారీ?" అన్నారాయన, తల వెనక్కి తిప్పి చూసి, బండి తూలించి, ఎలాగో ఆపారు.

మస్తాన్ దిగి వచ్చాడు. "నాలుగు సార్లు కొట్టానండి. నాలుగు సార్లూ ఆమె చెయ్యి లేచింది. మీరేమో నా లారీని ఎడ్లబండి కింద కూడా లెక్కెయ్యలేదు" అన్నాడు.

"ఆమె నా వీపు చాటున కూర్చుంది. గాలంతా నా చెవులకే తగిలింది. అందుకే నాకు వినపడలేదు" అన్నారు మేనేజరు గారు.

ఆ మాటలో న్యాయం ఉంది. నేను కాదనలేదు. కొంగు ముడి విప్పి కొత్త జత ఒకటి తీశాను. "అయితే గాలి తగిలే చెవులకే పెట్టి చూడండి."

ఆయన దానివంక చూశారు కానీ చెయ్యి చాచలేదు.

"శేషగిరి చెవిలో ఉంటే తప్పని నిమిషంలో తేల్చారు. మీ చెవిదాకా వచ్చేటప్పటికి ఆలోచిస్తున్నారు. వినపడదని భయమా బాబూ, విధవ చేతిదని భయమా?"

మస్తాన్ టైర్ల వంక చూస్తూ నిలబడ్డాడు. మేనేజరు గారు ఆ రెండూ నా అరచేతిలోంచి లాక్కుని చెవుల్లో పెట్టుకున్నారు. తిరుగు దారిలో మస్తాన్ మూడుసార్లు హారను కొట్టాడు. మూడుసార్లూ ముందు సీటులో చెయ్యి లేచింది. మూడోసారి బండి దానంతటదే ఎడమకు జరిగింది. గేటు దగ్గర ఆగినప్పుడు ఆయన చెవుల్లోంచి రెండు దూది తోకలు వేలాడుతున్నాయి, తీసేయడం మరిచిపోయారు. సుబ్బులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒక మాట దాచను. తర్వాత గేటు దగ్గర మేనేజరు గారు బండి నెమ్మదిగా నడిపి చూస్తే దూది లేకుండానే ఆయనకు బాగా వినపడింది. దూది మేలు చేసేది మోత ఉన్నచోటే. జోరు మీద పెట్టుకో, ఊళ్ళోకి రాగానే తీసెయ్యి అని శేషగిరికి తర్వాత చెప్పాను. కాలు అతుక్కున్నాక అతను మళ్ళీ అదే పని చేశాడు, అవే పెట్టుకున్నాడు. అంజమ్మ మాత్రం నాతో చచ్చేదాకా మాట్లాడలేదు. కొడుకు బయల్దేరేటప్పుడు చెవులు తడిమి చూసేదట. అతను ఊరు దాటాక పెట్టుకునేవాడు. ఆమె మనసు మార్చాలని నేను పోలేదు, అది నా పని కాదు.

మేనేజరు గారు కూడా పొరపాటు పడ్డానని అనలేదు. నా మొహం చూడకుండా "రేపు పనిలోకి రా" అన్నారు, దూది వద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు, అంతే. నాకు అంతకంటే అక్కర్లేదు. తప్పు ఒప్పుకోమని పెద్దవాళ్ళు అడిగినప్పుడు, అది తప్పేనా అని ముందు అడగాలని ఆ ఆదివారం నేర్చుకున్నాను. అలా అడగడానికి చదువు అక్కర్లేదు. చేసే పని మీద నమ్మకముంటే చాలు.

సోమవారం పొద్దున జిన్నులు తిప్పే బెల్టు తిరగకముందే నా జిన్ను దగ్గర తొమ్మిది మంది నిలబడి ఉన్నారు, అంతకుముందు నా దూది ముట్టనివాళ్ళే. అందులో ఒకావిడ చెయ్యి చాచి కూడా వెనక్కి తీసుకుంటూ అడిగింది.

"పెట్టుకుంటే ఏమీ కాదుగా కోటమ్మా?"

"ఎందుక్కాదు, అవుతుంది" అన్నాను. "రేపు ముసలిదానివయ్యాక మనవడు పిలిస్తే పలుకుతావు."