సియెనా వెళ్ళిన కాశీయాత్ర బూట్లు

ఆ రోజుల్లో మా కోనసీమలో బూట్లు వేసుకునే మగవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోలీసులు, కాలేజీలో ఎన్.సి.సి. కుర్రాళ్ళు, పెళ్ళికొడుకులు. మిగతా లోకమంతా హవాయి చెప్పులే. మా నేల అలాంటిది మరి. కొన్నాళ్ళు బురద, కొన్నాళ్ళు ఇసక. బూట్లతో బయలుదేరినవాడు కాలవగట్టు దాటేసరికి వాటిని చేత్తో పట్టుకుని నడవాల్సిందే. అందుకే, అంబాజీపేటలో కొబ్బరి పీచుతో పట్టాలు నేసే చిన్న కంపెనీలో గుమాస్తాగా ఉన్న నన్ను మా ప్రొప్రైటరుగారు పిలిచి, "మీకు ఇంగ్లీషు వచ్చు కదండీ, ఇటలీలో ఎగ్జిబిషనంట, నాతో వచ్చెయ్యండి" అన్నప్పుడు నాకు ముందు బెంగ పట్టుకుంది పాస్‌పోర్టు గురించి కాదు, కాళ్ళ గురించి. (మేం అమ్మేది గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలు. అవి అమ్మడానికి వెళ్ళేవాడి కాళ్ళకేసి ఎవరైనా చూస్తారుగా.)

మా వంశంలో ఉన్నది ఒకే ఒక్క జత బూట్లు. కొత్తపేటలో ఉండే మా బావగారివి. అవి మా నాన్న ఆయనకి కాశీయాత్ర కోసం కొన్నవి. పెళ్ళిలో ఆ ముచ్చట మీరు చూసే ఉంటారు. నాకీ సంసారం వద్దు, కాశీకి పోతున్నానంటూ పెళ్ళికొడుకు గొడుగూ కర్రా పట్టుకుని బయలుదేరితే, బావమరిది ఎదురెళ్ళి నోట్లో బెల్లం ముక్క పెట్టి, బతిమాలి, వెనక్కి తీసుకొస్తాడు. పూర్వం పెళ్ళికొడుకు కాళ్ళకి పావుకోళ్ళుండేవట. మా కాలానికి బూట్లు వచ్చాయి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. "కాలి కొలత కావాలి, కానీ పెళ్ళివారిని అడిగితే బాగోదు. చల్లగా తెలుసుకురా" అని నాన్న నన్ను కొత్తపేట పంపించారు. నేను వాళ్ళ గుమ్మం బయట చెప్పుల దగ్గర వంగి, చీపురులోంచి లాగిన కొబ్బరి ఈనెని ఒక చెప్పు పొడుగున పెట్టి చూసి, సరిగ్గా అక్కడికి తుంపి, జేబులో పెట్టుకుని వచ్చేశాను. నాన్న ఆ ఈనె పట్టుకుని రాజమండ్రి వెళ్ళి బూట్లు తెచ్చారు. నా తెలివికి మా ఇంట్లో అందరూ మురిసిపోయారు. అందరికంటే ఎక్కువ నేను.

బావగారు హైస్కూల్లో లెక్కల మాష్టారు. మాట పొదుపు, నవ్వు ఇంకా పొదుపు. అల్లుడిగారికి కోపం ఎక్కువని మా అమ్మ ఆయనొస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఆ బూట్లని ఆయన పెళ్ళయ్యాక వేసుకున్నట్టు ఎవరూ చూడలేదు. "వాటిని ప్రాణంలా చూసుకుంటారురా. బీరువా మీంచి కిందకి దించరు" అనేది అక్క. అలాంటి బూట్లు అరువడగడానికి నేను వెళ్ళేసరికి ఆయన నా మొహం కేసి కాదు, నా కాళ్ళ కేసి చూశారు. చాలాసేపు చూసి, "నీకు సరిపోవేమోనోయ్" అన్నారు.

ఇవ్వడం ఇష్టంలేక అలా అన్నారనుకుని అక్క మొహం ఎర్రబడింది. పుట్టింటివాడు ఒక వస్తువు అడిగితే లేదంటారా అని దానికి లోపల్లోపల బాధ. "నాలుగు రోజులేగదండీ. ఎలా ఇచ్చేరో అలాగే తెచ్చి మీ చేతిలో పెడతాడు. నాదీ పూచీ" అంది. అక్క ఆయన్ని నోరు తెరిచి ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదటిసారి. బావగారు స్టూలెక్కి పెట్టె దించారు. ఇంటికొచ్చి తొడుక్కుంటే మడమ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత వదులు. బావగారు చూస్తే నా అంతే ఉంటారు, పాదాలు మాత్రం ఎంత పెద్దవో అనుకుని, రెండిట్లోనూ మడమల వెనక దూది కుక్కుకుని విమానం ఎక్కాను.

ఎగ్జిబిషన్ ఫ్లోరెన్సులో. ఆదివారం సెలవు. పక్కనే సియెనా అని ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి ఊరుంది, చూసి తీరాలని హోటలు అమ్మాయి చెబితే, నేనూ ప్రొప్రైటరుగారూ బస్సెక్కి వెళ్ళాం. కొండ మీద ఊరు. అన్నీ ఇటుక ఇళ్ళు, మధ్యలో సందులు, ఎక్కితే ఎక్కుడు, దిగితే దిగుడు. ఊరి నడుమ పేద్ద మైదానం చేటలా ఒకవైపుకి వాలి ఉంది. "ధాన్యం ఎండబెట్టుకోడానికి బాగుంటుందండి" అన్నారు ప్రొప్రైటరుగారు. పైకి వెళ్తే నలుపూ తెలుపూ చారల పాలరాతి చర్చి. మెట్లెక్కి లోపలికి తొంగిచూద్దుం కదా, నేలంతా బొమ్మలే. దేవుళ్ళో, ప్రవక్తలో, రంగురాళ్ళతో పొదిగిన మనుషులు కాళ్ళ కింద. వాటి మీద జనం టకటకా బూట్లతో నడిచేస్తున్నారు.

ప్రొప్రైటరుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "మన రాజోలు చర్చిలోనే చెప్పులు బయట విడుస్తారు కదండీ. ఇంత పెద్ద గుడిలో, బొమ్మల మీద తొక్కుకుంటూ ఎలా వెళ్తామండీ?" అన్నారు. నాకూ కాలు ఆడలేదు. ఆయన తన చెప్పులు తీసి భుజానున్న గుడ్డసంచిలో వేసుకున్నారు. (ఆ సంచీ ఎందుకు తెచ్చుకున్నారో నాకప్పటికి తెలిసింది.) బూట్లు ఆ సంచిలో పట్టవు. నేను వాటిని విప్పి, పెద్ద తలుపు పక్కన మెట్టు మీద, జత చెదరకుండా గోడవారగా పెట్టి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళాను. బయట ఇంకెవరి చెప్పులూ లేవే అన్న అనుమానం నాకు రాలేదు.

గంటసేపు తిరిగి బయటికొస్తే బూట్లు లేవు. మెట్లన్నీ వెతికాం. గోడవార వెతికాం. సన్నగా వాన మొదలైంది. ఎవర్నో అడుగుదామంటే, గుడి ముందు బూట్లు విప్పానని ఇంగ్లీషులో ఎంత చక్కగా చెప్పినా ఎవరికీ ఎక్కడం లేదు. ఎందుకు విప్పావన్నదే వాళ్ళ ప్రశ్న. "పోతే పోయేయండి, కొత్తవి కొనిపెడతాను" అన్నారు ప్రొప్రైటరుగారు. మంచి మనిషి. కానీ కొత్తవి ఎన్ని కొంటే మాత్రం, నాన్న ఈనెతో కొలిచి తెచ్చిన బూట్లు అవుతాయా? నాకు బీరువా పక్కన నిలబడ్డ అక్క మొహం కనిపించింది. ఇక జీవితంలో అది బావగారిని మరోటి అడగదు. ఇరవై ఆరేళ్ళ మగవాణ్ణి, పరాయి దేశంలో, తడిసిన మేజోళ్ళతో నిలబడి నిజంగా ఏడ్చాను.

కాళ్ళు కొంకర్లుపోతుంటే దిగువ సందులో ఒక చిన్న భోజన హోటల్లోకి దూరాం. దాని యజమానురాలు మా అమ్మ వయసు మనిషి. నా కాళ్ళ కేసి చూసి రెండు చేతులూ జోడించి, "రోమా? రోమా?" అంది. వెనకటికి రోముకి కాలినడకన యాత్రకి పోయేవాళ్ళు ఈ ఊరి మీదుగానే వెళ్ళేవారట, ఇప్పటికీ కొందరు వెళ్తారట. ఆ సంగతి కాసేపటికి ఆవిడ సైగల వల్ల మాకు అర్థమైంది. మొహమాటానికి ప్రొప్రైటరుగారు "ఆయ్" అని తలూపారు. అంతే, ఆవిడ వేణ్ణీళ్ళ బేసిను తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది, భర్తవి కాబోలు, ఉన్ని మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది, చిక్కుడు గింజల పులుసులో రొట్టె నానేసి రెండు పళ్ళాలు తెచ్చింది. "మీరు కాశీ వెళ్తన్నారనుకుంటందండీ ఈవిడ. కాదంటే పాపం బాధపడుద్ది, తినేయండి" అన్నారు ప్రొప్రైటరుగారు. తిన్నాను. దొంగ సన్యాసికి ఇంత మర్యాదా అనిపిస్తున్నా, పులుసు బాగుండడంతో రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

రెండో పళ్ళెం సగంలో ప్రొప్రైటరుగారు చెంచా కింద పెట్టారు. "మా ఇంటావిడ ద్రాక్షారామంలో ఎప్పుడూ ఇంతేనండి. ఒక గోపురం దగ్గర చెప్పులు విడుస్తుంది, ఇంకో గోపురం దగ్గర పోయేయని గోల పెడుతుంది. ఇంతకీ మనం లోపలికెళ్ళిన తలుపూ, బయటికొచ్చిన తలుపూ ఒకటేనంటారా?"

ఇద్దరం పళ్ళాలు వదిలేసి లేచాం. చారల గోడ ఎటునుంచి చూసినా ఒకలాగే ఉంటుంది మరి. మేం వెతికింది పక్క తలుపు మెట్లు. చుట్టూ తిరిగి పెద్ద తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, మెట్టు మీద బూట్లు లేవు గానీ, లోపల గుమ్మం పక్కన బల్ల కింద ఉన్నాయి. వానకి తడుస్తున్నాయని అక్కడి ముసలి కాపలాదారు లోపల పెట్టి, ఆరడానికి వాటిలో ఉన్నవన్నీ బయటికి లాగి, ఏ బూటువి ఆ బూటు పక్కన పేర్చాడు. నా దూది ఉండలు రెండు. వాటి పక్కన, బూటు ముక్కులోంచి తీసినవి, గట్టిగా చుట్టిన కాగితం ఉండలు ఇంకో రెండు. అవి నేను పెట్టినవి కావు.

ఒక ఉండ విప్పాను. తెలుగు పేపరు. పసుపురంగు తిరిగిపోయింది. ప్రొప్రైటరుగారు అది లాక్కుని, "కొబ్బరి ధరలండి. ఆ ఏడాది మహా బాగుందండీ" అని చర్చిలోనే నిట్టూర్చారు. నేను పైనున్న తేదీ చూశాను. అది అక్క పెళ్ళి మర్నాటి పేపరు.

అప్పుడు కళ్ళకి కట్టింది కొత్తపేట గుమ్మం. ఆ రోజు అక్కడ ఒక జత కాదు, మూడో నాలుగో జతలున్నాయి. పెళ్ళికొడుకువి అంటే అన్నిటికంటే మంచివే అయ్యుంటాయని నాకు నేనే నిశ్చయించుకుని, కొత్తగా నిగనిగలాడుతున్న పెద్ద చెప్పుకి ఈనె పెట్టాను. ఆరడుగుల పైన ఉండే వాళ్ళ పెదనాన్నగారు ఆ పూట పెళ్ళి మాటల కోసం వచ్చి లోపలే కూర్చున్నారు. కాశీయాత్రలో ఆ బూట్లు తొడిగింది కూడా నేనే. బావగారు పది అడుగులు కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే, పొగరు నడక అని మా వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. మర్నాడు పేపరు కుక్కుకుని మా ఊరి నుంచి వాళ్ళ ఊరు వెళ్ళారన్న మాట. ఎనిమిదేళ్ళలో మామగారితో అనలేదు, అక్కతో అనలేదు. "నీకు సరిపోవేమోనోయ్" అన్నది పిసినారితనం కాదు, ఉన్న నిజం. నాకు సిగ్గేసింది. ఆ మనిషి మీద అప్పటిదాకా లేని ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

కాగితం ఉండలు ఎలా ఉన్నవి అలాగే మడిచి, ముక్కుల్లోకి తోసి, ఆ బూట్లు తొడుక్కున్నాను. తిరిగి వెళ్ళి హోటలావిడకి చూపిస్తే, నా తపస్సు అక్కడితో ఫలించిందనుకుందో ఏమో, చప్పట్లు కొట్టింది.

ఊరొచ్చాక పాలిష్ చేసి కొత్తపేట తీసుకెళ్ళి ఇచ్చాను. బావగారు పెట్టె తెరిచి, ఒక బూటు తీసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్ళతో ముక్కు దాకా తడిమారు. కాగితం తగిలింది కాబోలు, ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

"నడవడానికి ఇబ్బందేం పడలేదు కదా?" అన్నారు.

"లేదండీ. అచ్చంగా సరిపోయేయండి."

"ఆయ్. నాకూ అంతే" అని మూత పెట్టేశారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, చెప్పానా నా తమ్ముడి సంగతి అన్నట్టు గర్వంగా చూస్తోంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నాన్న ఆ బూట్లు అల్లుడికి కొలిచి కుట్టించినట్టు సరిపోయాయనే నమ్మకంతో వెళ్ళిపోయారు. నిన్నగాక మొన్న మేనకోడలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుకి కాశీయాత్ర బూట్లు కొనాలన్న మాట వచ్చింది. అక్క ఉత్సాహంగా, "తమ్ముణ్ణి పంపుదామండి. మీ కొలత వాడే కదా పట్టుకొచ్చింది" అంది.

బావగారు పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, నా కేసి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన అంత పెద్దగా నవ్వడం నేను చూడలేదు.

"వద్దులే. ఈసారి అబ్బాయినే అడిగేద్దాం" అన్నారు.

నేను తల దించుకుని, జేబులో ఈనె పెట్టుకుని కొత్తపేట నుంచి ఈల వేసుకుంటూ వచ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను.