మామ నిలబెట్టిన ఖోకా

నిన్న మా ట్రైనింగు హాలు తెర మీద నా గురిగీత కాస్త వంకర తిరిగితే, కొత్తగా చేరిన గార్డొకాయన నవ్వు మింగి కిటికీ వైపు తిరిగాడు, మర్యాదస్తుడు. అదే హాల్లో ఒకప్పుడు ఆయన చోటులో నేనున్నాను, నేను మింగే రకం కాదు.

కరోనా వచ్చిన ఏడాది సూరత్ ఖటోదరాలో నేను నడిపే మగ్గాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో అక్కడ ఇరుక్కుపోయినవాళ్లు మీలో ఉంటే వేరే చెప్పక్కర్లేదు. ఫౌజులో హవల్దారుగా చేసి, ఊరవతల పల్సానాలో తుపాకి గార్డులకు శిక్షణ ఇస్తున్న మా మేనమామ నన్ను తన గదికి తెచ్చుకున్నాడు. ఊరికే కూర్చోబెట్టి తినిపించడం ఆయనకు చేతకాదు కనుక, బట్ట చుట్టే ఇనుప గొట్టాన్ని తుపాకిలా పట్టించి, దాని చివర ఖోకా, అంటే పేలిపోయిన తూటా ఖాళీ డొప్ప, నిలబెట్టేవాడు. అది నిలిస్తే రొట్టె, పడితే చెంపదెబ్బ. మొదటి వారం నాకు ఒళ్లొచ్చింది బుగ్గల్లోనే.

"సగం ఊపిరి ఇడిచి బిగవట్టురా అల్లుడా, గప్పుడు తుపాకి నీ మాటింటది" అనేవాడు. చెయ్యి కుదిరాక తన బ్యాచిలోనే చేర్చుకున్నాడు.

మరుసటి ఏడు అదే జబ్బు ఆయన్ను పట్టి వదిలింది. సగం ఊపిరి వదలమని నేర్పే మనిషికి మిగిలిందే సగం ఊపిరి. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గార్డుల కంపెనీ నడిపే మా సేఠ్, తూటా ఖర్చు లేని లేజరు తుపాకినీ, చేతి వణుకును ఎర్రగీతగా చూపే తెరనూ, వాటిని నడిపే గుజరాతీ కుర్ర మాస్టర్నీ తెచ్చి కూర్చోబెట్టాడు. తెర మీద గీత నిలకడగా ఉంటే మామ ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఆ రోజుతో సరి, అని అందరి ముందూ తేల్చేశాడు.

మామ అలవాటు కొద్దీ లేజరు తుపాకి మీద కూడా ఖోకా పెట్టబోయాడు, సేఠ్ వద్దన్నాడు. గీత రెండు క్షణాలు బిగించిన దారంలా నిలిచింది. అంతలో లోపలి నుంచి దగ్గు కుదిపేసి, గీత తెరంతా అల్లుకుపోయింది.

"మామా, గురి జూడుమంటే చీర నేస్తున్నవేంది?" అన్నాను.

హాలు హాలంతా పడి నవ్వింది. సేఠ్‌కు తెలుగు రాదు, అడిగి హిందీలో చెప్పించుకుని మరీ నవ్వాడు. మామ తుపాకి బల్ల మీద పెట్టి నా దగ్గరకొచ్చాడు.

"అంచు మంచిగొచ్చిందా, అల్లుడా?" అని అడిగి, ఖోకా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే ఆయన చోట నన్ను తీసుకున్నారు, బ్యాచి మొత్తంలో నా గీతే నిటారుగా ఉందట. ఊరికి వెళ్లిపోయిన మామకు ఫోను చేసినప్పుడల్లా అడగాల్సిన క్షమాపణ అడగకుండా ఇంకో జోకు చెప్పి పెట్టేసేవాణ్ని. ఇప్పుడు చెయ్యడానికి ఆ నంబరులో మనిషి లేడు.

ఈ రోజుల్లో చెంపదెబ్బలు లేవు. గురి తప్పితే మీట నొక్కగానే తెర తెల్లబడుతుంది, ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టొచ్చు, అదే పెద్ద సుఖమని నేనే కొత్తవాళ్లకు చెబుతుంటాను. ఆ మీట ఆ రోజూ ఉంది. "కాకా, ఫిర్ సే", మళ్లీ మొదలుపెట్టమంటూ కుర్ర మాస్టరు దాని మీదికి చెయ్యి చాచాడు కూడా. అప్పటికే నేను నోరు తెరిచాను.