చెవిలో దూది

తమ్ముడు కొనిచ్చిన జేబు రేడియోతో పాటు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను ఒకటి వచ్చింది. ఎవరి చెవి కొలత తీసి చేశారో గానీ నా చెవిలో నిలవదు. బస్సు గతుకులో పడితే చాలు, జారి ఒళ్లో పడుతుంది. అందుకని ఈ రోజు దాని చుట్టూ దూది చుట్టి బిగించాను. టీచరమ్మ పాటలు వింటోందని ఎవరూ నవ్వకుండా తీగను జడ వెనక దాచాను. పట్టు కుదిరింది. పాట మాత్రం రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుంది. రొంపిచెర్ల బడిలో పొద్దుటి నుంచీ అరిచి వచ్చిన ప్రాణానికి అదే ఎక్కువ.

నరసరావుపేట బస్సులో ఎప్పటిలాగే నిలబడ్డాను. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ నా చెవి వంక చూసి గట్టిగా అడిగింది.

"ఏందమ్మా, చెవి కారతందా?"

కాదని చెబుదామనే అనుకున్నాను. ఆవిడ అప్పటికే ఒళ్లోని గంప కింద పెట్టి, జరిగి చోటిచ్చింది. కాళ్ల నొప్పులకి ఓర్చుకోలేక, అవునన్నట్టు తలూపి కూర్చున్నాను.

"చానా బాధమ్మా అది. మా కోడలికి వెల్లుల్లి రెబ్బలేసి నూనె కాచి పోస్తే తగ్గింది. రేపూ ఇదే బస్సుకొస్తావుగా, సీసాలో పోసి తెస్తాలే."

దారి పొడుగునా ఆవిడే మాట్లాడింది. ఏం పాటలొచ్చాయో నాకు తెలియదు.

రేపు నిజం చెప్పి నిలబడనా, తల వంచి నూనె పోయించుకోనా? మీరైతే ఏం చేస్తారో చెప్పండి. ఆవిడ ఈపాటికి పొయ్యి మీద నూనె పెట్టే ఉంటుంది.