అవ్వ ఒక్కపొద్దు, నా బ్యాక్టీరియా

ఆ వయసులో నేర్చుకున్నది ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరగదు. ఎనభైల్లో నేను ఇంటర్ బైపీసీలో చేరినప్పుడు, కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో నాకు దొరికిన ఒకే ఒక్క శ్రోత మా అవ్వ, అంటే మా నాయనమ్మ, బాపును కన్నతల్లి. (నేను పుస్తకం తెరిస్తే చాలు, బాపు చెప్పులేసుకునేవాడు.) ఒక శనివారం అవ్వ ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దుగూకాక పెరుగన్నం కలుపుకుంది. ఒక్కపొద్దు నాడు ఆమె ముందు గుడ్డూ మాంసం లాంటి నీసు మాట ఎత్తినా తప్పే. సరిగ్గా ముద్ద నోటిదాకా వెళ్ళినప్పుడు నా పాండిత్యం పొంగింది.

"అవ్వా, పెరుగుల బ్యాక్టీరియా ఉంటయి తెలుసా? కొన్ని గుండ్రంగ, కొన్ని కడ్డీల లెక్క. మెలికలు తిరిగినయి గుడ ఉంటయి గని అవి వేరే జాతి."

ముద్ద ఆగింది. "పానంతోని ఉంటయా?"

"మరి! పానంతోనే."

"ఓ యవ్వో! గిన్నేండ్ల సంది పురుగులు తిన్ననా? నా ఒక్కపొద్దులన్ని మన్నుల కలిసినయి గదనే!" అని కంచం అవతలికి నెట్టేసింది. బాపు ఎంత బతిమాలినా వినలేదు. చివరికి నా వైపు తిరిగి, "ముసల్ది పొద్దటి సంది ఏం తినలే. నువ్వే తినవెట్టాలె, సమజైందా?" అన్నాడు. పరుగున పోయి పుస్తకం తెచ్చాను.

అవ్వ విచారణ మొదలుపెట్టింది. "కండ్లున్నయా?" లేవు. "నెత్తురు?" లేదు. "గుండె?" గుండె సంగతి దేవుడెరుగు, బ్యాక్టీరియా కణంలో నిజమైన కేంద్రకమే ఉండదన్నాను. "పిల్లల్ని కంటయా?" కనవు, ఒక్కటే రెండుగా చీలుతుందన్నాను. "మరి పానం ఏడున్నదే?" అంది. (దీనికి జవాబు ఆ పుస్తకంలో లేదు, తర్వాత చదివిన వాటిలోనూ లేదు.) దొరికిన కొమ్మ పట్టుకున్నాను. "అవ్వా, చెట్ల కణాలకు ఉన్నట్టే వీటి సుట్టు గోడ ఉంటది. మా కాలేజీల ఈ పాఠం చెప్పేది జంతువుల సారు కాదు, చెట్ల మేడం!"

అవ్వ మొహం విప్పారింది. "గట్ల చెప్పు మరి! చెట్ల మేడం చెప్తున్నదంటే కూరగాయల లెక్కనే గద." కంచం దగ్గరికి లాక్కుంది. ఆమె మొదటి ముద్ద మింగాక గాని నేను పుస్తకం మూయలేదు.

మొన్న మా అమ్మాయి పుస్తకంలో చూశాను. బ్యాక్టీరియా చెట్లూ కావట, జంతువులూ కావట, వాటి రాజ్యం వేరేనట. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు శనివారం ఒక్కపొద్దు నేనుంటున్నాను. పెరుగన్నం కలుపుకుంటుంటే ఆమె మీద బెంగా, ఆ బైపీసీ పిల్ల మీద నవ్వూ ఒకేసారి వస్తాయి. ఆమె ఇప్పుడు ఉంటే, వర్గీకరణ మారిందని చెప్పినా కంచం వదలదు. "నాకైతే చెట్ల మేడం చెప్పిందే ఖాయం" అంటుంది.