ఖాళీ సంచి

క్రీస్తురాజు మా పక్కింటివాడు. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేటకు షేర్ ఆటో నడుపుతాడు. నిరుడు జబ్బుచేసి పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, దానికి సంచి తగిలించారు. తిన్నది అరిగి అందులోకే వస్తుంది. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు అతని తిండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ల సీసా సీటు కింద ఉంటుంది. సంచి నిండకముందే ఎక్కడో బాత్రూమ్ వెతుక్కుని ఖాళీ చేసుకుని, మళ్లీ బండెక్కుతాడు. మొండిఘటం! భార్య ప్రేమావతి మాత్రం అతను సంచి మార్చుకుంటుంటే గోడవైపు తిరిగిపోయేది. పీచున్నవి తింటే పేగుకు అడ్డం పడతాయని, సంచిలోకి ఏమీ రాక కడుపు నొప్పొస్తే పరుగెత్తుకు రమ్మని ఆసుపత్రిలో నర్సు ఇద్దరికీ చెప్పే పంపింది.

ఆ శనివారం ఏజెన్సీ కొండల నుంచి దిగిన సింగన్న, రోజూ ఆటో ఎక్కే అభిమానంతో, అతనికి లేత వెదురు కొమ్ములు, అదే నేలలోంచి అప్పుడే లేచిన వెదురు మొలకలు, ఇచ్చాడు. వానాకాలం ఆ కూర వండితే వీధంతా నోరూరుతుంది.

"నాలిక సచ్చిపోనాదక్కా. ఓ ముద్ద తింటే ఏటవుద్ది?" అన్నాడు క్రీస్తురాజు గోడ మీంచి నాతో. ముద్దతో ఆగితే వాడు క్రీస్తురాజెందుకవుతాడు!

మర్నాడు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ప్రేమావతి లేచి నిలబడింది.

"నిన్న రేతిరి నుంచి మా ఆయన సంచీలోకి సుక్క రాలేదండి. ప్రభువు ముట్టి బాగుసేసినాడండి."

అందరూ స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టారు. నా చేతులు సగంలోనే ఆగిపోయాయి. చుక్క రాలేదా? మగవాళ్ల వైపు చూశాను. క్రీస్తురాజు చాప మీద ముడుచుకుపోయి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నొప్పేట్రా?" అంటూ లేచి అటు పరుగెత్తాను. తల ఊపి, పచ్చగా వాంతి చేసుకున్నాడు.

బాగైందని మేమంతా సంబరపడుతుంటే, మనిషి మా కళ్లముందే పోతున్నాడు.

"నొప్పెడతందని సెప్పలేదేటండీ!" అని ప్రేమావతి అరిచింది.

"నువ్వు సంబరపడతన్నావు గదా..." అన్నాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. పెళ్లాం సంబరం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే వెర్రిబాగులవాణ్ని ఎక్కడా చూడలేదు. పాస్టరు ప్రభుకుమార్ గారే అతని ఆటో తీశారు. "బేగి పోనీయండి" అని దారంతా ఆయన వీపు మీద పొడుస్తూనే ఉన్నాను.

పేగుకు పీచు అడ్డం పడిందన్నారు డాక్టరు. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టారు. దానంతటది విడకపోతే మళ్లీ కొయ్యాలన్నారు. ప్రేమావతి మంచం పక్కన కూర్చుని, ఎన్నడూ చూడని ఆ సంచినే రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రానికి సంచిలో బుడబుడమని చప్పుడైంది. వాసన వార్డంతా కమ్మేసింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ప్రేమావతి పెట్టుకోలేదు. సంచి మీద అరచెయ్యి ఆనించింది.

"ఎచ్చగుందక్కా. నిండతంది," అని భోరుమంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా స్తోత్రం చెప్పుకుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.