తడిసిన ఎర్తు గుంట

మా పాప జుట్టు పైకి లేచింది. గాలి లేదు. టవరు కాలి దగ్గర మిరపకాయల పట్టా మీద కూర్చుని ఆడుకుంటోంది, వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటే నిక్కబొడుచుకుంటున్నాయి. నా చేతుల మీద రోమాలూ లేచాయి. గడపలో నిలబడి అరవబోయాను.

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నానంటే, పగలు ఎవరికీ చెప్పలేకే.

మాది వినుకొండ దగ్గర పల్లె. మా ఆయన ఊరి బయట ఉన్న రేడియో టవరు చూసుకుంటారు. మా కాపురం ఆ ఆవరణలోనే. టవరు మీద పిడుగు పడితే అది రాగి పట్టీ వెంట దిగి ఎర్తు గుంటలోకి పోవాలి. గుంటలో మట్టి ఎండిపోతే ఆ ఏర్పాటంతా దండగ. అందుకే వేసవి పొడుగునా మా అత్తగారు రోజూ మధ్యాహ్నం దాన్లో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, బిందెడు నీళ్లు పోసేవారు. ఆవిడ పోయి ఏడాదైంది. ఆ తర్వాత ఆ గుంట సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు మామయ్యగారు టవరు కాలి దగ్గర కాయలు ఆరబోస్తూ, రాగి చిలుం అంటుకుని వాటి రంగు చెడుతుందని గుంట దగ్గర బోల్టు విప్పి పట్టీ కొసను పక్కన పడేశారు. వద్దన్నాను.

"సాయంత్రం బిగిస్తాలేమ్మా. నీకు అన్నిటికీ భయమే," అన్నారు.

కాసేపటికే పడమట మబ్బు కమ్మింది. చుక్క వాన పడలేదు.

నేను అరిచేలోపే మా ఆరేళ్లవాడు చెల్లెలి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ఇద్దరూ గడప దాటారో లేదో, వాకిలంతా తెల్లగా వెలిగిపోయింది. చాలాసేపు చెవులు వినపడలేదు.

"నానమ్మ లోపలికి పొమ్మందమ్మా. గుంటలో నీళ్లు పోస్తోంది," అన్నాడు వాడు.

టౌనుకి సంచుల కోసం వెళ్లిన మా ఆయన వచ్చాక అందరం వెళ్లి చూశాం. పట్టీ కొస గుంటలోనే ఉంది. ఎవరో అరచేత్తో అదిమినట్టు చుట్టూ తడి మట్టి. మట్టి మీద కరగని ఉప్పు రాళ్లు. బోల్టు మాత్రం మామయ్యగారి చొక్కా జేబులోనే ఉంది. పిల్లాడి చేతులు చూశాను. మిరప ఎరుపే తప్ప మట్టి లేదు.

పట్టీ బయటే ఉండుంటే పిడుగు పట్టా మీదికే దూకేదన్నారు మా ఆయన. మామయ్యగారు తనే పట్టీని గుంటలో పెట్టి మర్చిపోయానేమోనని రాత్రి దాకా నన్ను అడుగుతూనే ఉన్నారు. నాకు ఈనాటికీ తెలియదు.

పొద్దున్నే మా వాడు, నానమ్మ ఇవాళ కూడా వస్తుందా అన్నాడు. వాడికి చెంబు ఇచ్చాను, పాప గుప్పిట్లో ఉప్పు పోశాను.

"ఇకనుంచి రోజూ మనమే నీళ్లు పోద్దాం నాన్నా. నానమ్మకి మళ్లీ రావాల్సిన పని పెట్టొద్దు," అన్నాను.